చలి అడిగిన దుంప

శ్రీనగర్ నుంచి మా అబ్బాయి ఐరిస్ దుంప తెచ్చాడు. అక్కడ సమాధుల మీద నాటుతారన్న సంగతి మా ఆవిడకు చెప్పలేదు. మైలాపూరు మేడమీద తొట్టిలో పసుపుకొమ్ములా లోతుగా పాతాను. అదే తప్పు, దాని వీపుకి ఎండ తగలాలట. పైకి తీసి నాటాను. రెండేళ్ళూ కత్తుల్లాంటి ఆకులే! పువ్వుకి గట్టి చలి కావాలి. మనకు జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల చుట్టూనే.

"పూస్తుందిలెండి" అంటూ ఆవిడ రోజూ చెంబుతో నీళ్ళు పోసేది. కడియం నుంచి తను తెచ్చుకున్న కనకాంబరం ఈ బోరు ఉప్పునీటికీ అలవాటుపడిపోయింది మరి.

ఆవిడ పోయిన ఏడాదే ఐప్పసి వానలకు దుంప కుళ్ళింది. ఆ తొట్టిలో కనకాంబరం కొమ్మ గుచ్చుదామంటే ఇంకా చేతులు రావడం లేదు.