తాతయ్య అంబాసిడర్, వాటర్ పేపరు

మా బరంపురం ఇంటి షెడ్డులో ఉన్నది అంబాసిడర్ మార్క్-2. మన ఊళ్ళో పుట్టిన వి.వి. గిరిగారు రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లో, అంటే 1969కీ 1974కీ మధ్య, తాతయ్య కొన్నారు. సరిగ్గా ఏ సంవత్సరమంటే ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. గిరిగారి మాట మాత్రం అందరూ చెబుతారు. ఆ బండి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇక కొత్తది రాదు కాబట్టి పాతదాని మీద ప్రేమ పెరిగిందనుకోవచ్చు.

మొదట అది మీగడ రంగు. తరవాత ఎప్పుడో బరంపురంలోనే లేత నీలం వేయించారు. గోపాలపూర్ సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్లే. ఆ ఉప్పు గాలికీ, ఎండకీ నీలం కాస్తా బూడిద తేలింది. వేలితో రాస్తే సుద్దలా పొడి అంటుకునేది. మేము బెంగళూరు నుంచి సెలవు పెట్టి వెళ్ళింది దాని సంగతి తేల్చడానికే.

చిన్నాన్నది ఒకటే మాట: "మొత్తం గీకీసి కొత్త రంగు కొట్టించీండిరా, గొడవొదిలిపోద్ది." మాకు అది ఇష్టం లేదు. పైన చచ్చింది పలచటి పొర మాత్రమే, దాని కింద రంగు బతికే ఉంటుంది. చచ్చినంత మేరకే తీసి మెరుగు పెడితే చాలు.

రంగు మిస్త్రీ సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడే పెద్దాయన. రాగానే గుడ్డ ముక్కకి థిన్నరు తడిపి, డిక్కీ లోపల ఎవరికీ కనపడని చోట రుద్దారు. గుడ్డకి నీలం అంటుకుంది. "డ్యూకో బాబూ" అన్నారు. డ్యూకో అసలు అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో పెట్టిన పేరు. మన ఊళ్ళలో కారుకి కొట్టే ఏ రంగునైనా అలాగే అంటారు గానీ, ఈ గుడ్డ పరీక్షతో ఇది నిజంగానే ఆ జాతి నైట్రోసెల్యులోజ్ లేకరని తేలింది. దీని మీద వేరే మెరుపు పూత ఉండదు. రుద్దితే వచ్చేది రంగే. అందుకే బకెట్లో నీళ్ళు నీలిమందు కలిపినట్టయినా కంగారు పడక్కర్లేదు. నీలం కాక ఇంకో రంగు కనిపించిందా, చెయ్యి ఆపెయ్యాలి.

వాటర్ పేపర్లకి 1000, 1500, 2000 అని నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. కాగితాన్ని ముందు నీళ్ళలో నాననిచ్చి, అరిగిన హవాయి చెప్పు ముక్క చుట్టూ చుట్టి పట్టుకోవాలి. ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళ కింద గాళ్ళు పడతాయి. నీళ్ళలో సబ్బు చుక్క వేస్తే కాగితం జారుతుంది, ఊడిన పొడి కొట్టుకుపోతుంది. గుండ్రంగా తిప్పకూడదు, తిన్నగా లాగాలి. మధ్యమధ్య రబ్బరుతో నీళ్ళు లాగేసి చూస్తే అంతా మసకగా ఉండి అక్కడక్కడా చుక్కలు మెరుస్తాయి. కాగితం ఇంకా తగలని పల్లాలు అవి. అన్నీ పోయేదాకా రుద్దాలనే ఆశ చెడ్డది. అంచులమీదా మడతలమీదా రంగు బాగా పలచన, అక్కడ టేపు అంటించేశాం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకడం అసలే వద్దు. ఆ నీళ్ళు తులసికోట వైపు పోకుండా పెద్దత్త కాపలా కాసింది.

టాపు మీద గీత ఒకటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మామిడి కొమ్మ పడి గీసుకుంది. రేకు దాకా దిగిపోయింది, కాగితంతో పోయేది కాదు. తుప్పు పట్టకుండా ప్రైమరు ముట్టించి వదిలేశాం.

ఎడమ పక్క ముందు తలుపు దగ్గరికొచ్చేసరికి మిస్త్రీ ఆగారు. అక్కడ రంగు సన్నగా ముడతలు పడి ఉంది. కింద ఆయిల్ పెయింటు ఉంటే డ్యూకోలోని థిన్నరు దాన్ని మెత్తబరుస్తుందట, ఆ ముడతలే ఇవట. 1500తో నాలుగుసార్లు లాగేసరికి నీలంలోంచి ఎర్రటి గీతలు తేలాయి. ఎత్తుగా ఉన్నవే ముందు అరుగుతాయి కదా, కింద రాసిన అక్షరాల అంచులు అవి. చిన్నాన్న కొడుకుది ఒడియా చదువు, ఏదో ముగ్గనుకున్నాడు. కన్నడ మీడియంలో చదివిన మాకు తెలుగు అక్షరాలు పక్కింటివే. కూడబలుక్కుని చదివాం: "పెళ్ళిళ్ళకు అద్దెకు".

కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ కారు గురించి చెప్పుకునేదంతా దర్జా. పూలదండలు వేసిన కారు పక్కన తెల్ల పంచెలో తాతయ్య నిలబడ్డ ఫొటో ఆల్బంలో ఉంది. పెళ్ళికి వెళ్ళిన పెద్దమనిషనే అనుకుంటూ వచ్చాం.

పెద్దత్తే చెప్పింది. "పట్టుబట్టల యాపారం దెబ్బతినీసినప్పుడు రెండేళ్ళు పెళ్ళిళ్ళకి తిప్పేరు. డ్రైవరుకి జీతం ఎక్కణ్ణుంచి తెస్తారు? నాన్నే తోలీవోరు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి... అక్కడ పెళ్ళిభోజనం పెడితే తినీవోరు కాదు. ఇంటికొచ్చి, రాత్రి ఏ టైమైనా, చల్దన్నం తినీవోరు." అప్పులు తీరిన ఏడే నీలం రంగు వేయించారట.

చిన్నాన్న కాగితం మా చేతిలోంచి తీసుకోబోయారు. "నున్నగా తీసీండి. నలుగురూ చూస్తారు." ఆయనకీ ఆ సంగతి ఆ రోజు దాకా తెలీదని మొహం చూస్తేనే తెలిసింది. ఇంకో పది లాగులు లాగితే అక్షరాలు నిజంగానే పోయేవి. మేము ఇవ్వలేదు. మిస్త్రీ మాత్రం తలెత్తకుండా బకెట్లో నీళ్ళు మార్చుకున్నారు.

మిగతా బండంతా 2000 దాకా తీసుకెళ్ళి, రబ్బింగ్ కాంపౌండు చేత్తోనే పెట్టాం. మిషను వేడికి ఈ రంగు మెత్తబడిపోతుంది. జానెడు చోటు, మళ్ళీ జానెడు చోటు, రెండు రోజులు పట్టింది. ఆపైన పాలిషు, మైనం. బానెట్టులో షెడ్డు దూలాలు కనిపిస్తున్నాయి. తలుపుకి మాత్రం కాంపౌండు తగలనివ్వలేదు, ఉత్త మైనం రాసి ఊరుకున్నాం. అది మసకగానే ఉంది, అక్షరాలు ఏటవాలు వెలుగులో చదవొస్తాయి.

మేము తిరిగొచ్చాక ఫోనులో తమ్ముడు చెప్పాడు, చిన్నాన్న ఇప్పుడు కారుని ఎడమ పక్క గోడకి ఆనేలా పెడుతున్నారట. బొట్టు పెట్టడానికి చెయ్యి దూరడం లేదని పెద్దత్త రోజూ పోట్లాడుతోందట.