మంజీర వెంట మేత

పోచారం కట్ట మీద నిలబడితే ఒకవైపు అడవి, ఇంకోవైపు ఆయకట్టు. మంజీరలో కలిసే ఆలేరు వాగుపై 1922లో పూర్తయిన ప్రాజెక్టు ఇది. ఒకప్పుడు నిజాం వేటాడిన ఇక్కడి అడవి 1952లో అభయారణ్యమైంది. దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె ఇక్కడి పాత కాపులు.

కాలువ నీళ్లు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు పారతాయి. పచ్చదనం ఉన్నచోటికి పొద్దుగూకాక మనుబోతులూ అడవిపందులూ వస్తాయి. మక్కచేను చుట్టూ రైతు పాత చీరలు కడతాడు, మంచె మీద రాత్రంతా మేలుకుంటాడు. కొందరు కరెంటు తీగ పెడతారు. దానికి జంతువులే కాదు, మనుషులూ బలవుతున్నారు.

వరి కోశాక అవే మళ్లలోకి కుర్మలు, గొల్లలు మందలు తోలుకొస్తారు. మెట్టన మేత ఎండిపోతే ఆయకట్టే దిక్కు. పొలంలో రాత్రి మంద పెట్టించుకున్నందుకు రైతే గింజలో, డబ్బులో ఇస్తాడు. ఎరువు నేరుగా మడిలో పడుతుంది, బండి కిరాయి ఉండదు. మనుబోతు పెంట కూడా ఆ నేలకు ఎరువే. కాకపోతే దానికి కాపరి లేడు, అది కోతల దాకా ఆగదు.

బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీరను 1931లో నిజాంసాగర్ నిలిపింది. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే శిఖంలో పచ్చిక మొలుస్తుంది. గొర్రెకైనా జింకకైనా అప్పుడు కావలసింది అదే. కలిసి మేసేచోట రోగమూ కలిసే వస్తుంది. 2016-17లో మంగోలియాలో గొర్రెలు, మేకల నుంచి సోకిన పీపీఆర్ వ్యాధితో సైగా జింకలు వేలల్లో చచ్చాయి. మందకు వేసే టీకా అడవి జీవాలనూ కాస్తుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున పంచింది, మంచిదే. వాటితోపాటు ఊరి మేతభూమిని, అంటే బంచరాయిని కాపాడే పని జరగలేదు. సాగు కిందికి పోతున్న ప్రతి బంచరాయీ మందనూ జింకనూ చేను మీదికే నెడుతోంది.

ఇంకా దిగువన బిచ్కుంద, మద్నూర్ రేగళ్లు. ఇక్కడివి కృష్ణజింకలు. అడవిలో దాక్కునే జాతి కాదు, బయలు గడ్డిలో బతికేది. అభయారణ్యం గీతలు గీసి వీటిని అందులో ఉంచలేం, పొలమే వీటి ఇల్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ వీటికి రక్షణ ఇస్తుంది. మొలకెత్తిన పెసర, సోయా మేసిపోతే నష్టం మాత్రం రైతుదే. ఆ నష్టానికి పరిహారం మళ్లీ విత్తే అదను దాటకముందే అతని చేతికి అందాలి.