ఒకే చాప మీద కూడు

కార్తీకమాసం వస్తే మా పల్నాడులో పెద్ద సందడి కారంపూడిదే. అమావాస్యతో మొదలయ్యే వీరుల తిరునాళ్ళు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మూడోరోజు మందపోరుకి అత్తయ్యనీ, ఇంగ్లీషు బి.ఏ. చదివే మా అమ్మాయినీ వెంటబెట్టుకుని నరసరావుపేట నుంచి బస్సెక్కాను.

కథ మీకు తెలిసిందే. 12వ శతాబ్దంలో సవతి తల్లుల బిడ్డలైన నలగాముడికీ మలిదేవుడికీ రాజ్యం దగ్గర తగాదా. కోడిపందెంలో ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్ళు వలస పోయింది. గడువయ్యాక రాయబారానికొచ్చిన అలరాజుకి విషం పెట్టారట. అతను నలగాముడికి స్వయానా అల్లుడు! ఆ తర్వాతే కారంపూడిలో యుద్ధం. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ఈ కథని కావ్యంగా రాశాడు.

అత్తయ్య బస్సులో ఇదంతా చెబుతుంటే మా అమ్మాయి, "మామ్మా, గ్రీకుల్లోనూ ఇలాంటిదే ఉంది" అంది. అత్రెయస్ అనే రాజు తమ్ముడి మీద పగతో, ఆ తమ్ముడి పిల్లల్నే చంపి వండి, విందని పిలిచి అతనికే వడ్డించాడట. ఆ పాపం కొడుకు అగమెమ్నాన్‌ని తిన్నది, మనవడి చేత కన్నతల్లినే చంపించింది.

ఇంగ్లీషు బూత్ బంగళా కథలకీ ఇదే మూలమట. 1764లో హోరేస్ వాల్పోల్ రాసిన 'కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'లో, తాత తన యజమానికి విషం పెట్టి కోట కాజేస్తాడు. మనవడి కొడుకు పెళ్ళినాడు ఆకాశంనుంచి పెద్ద శిరస్త్రాణం పడి ఆ పెళ్ళికొడుకు నలిగిపోతాడు.

"పెద్దాళ్ళు చేస్తారు, పిల్లలు అనుభవిస్తారు" అని అత్తయ్య నిట్టూర్చింది. నాకు గుండె కలుక్కుమంది. పొలం గట్టు దగ్గర మావారికీ మరిదికీ మాటల్లేక మూడేళ్ళయింది. పిల్లలు ఒకే కాలేజీలో చదువుతూ ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు.

కారంపూడిలో ఆచారవంతులు వీరుల ఆయుధాలకి నాగులేటిలో స్నానం చేయించి, పూజలు చేస్తారు. చనిపోయినవాళ్ళని చూసి భయపడటం కాదమ్మా, ఏటా పిలిచి మర్యాద చేయడం! ఆ రోజే చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని దానికి ఆ పేరు. అదే పంక్తి నేటికీ సాగుతోంది.

పంక్తిలో కూర్చుని పక్కకి చూద్దును కదా, మా తోడికోడలు! లేవబోయాను. అత్తయ్య నా కొంగు పట్టుకుంది. వేడి అన్నం, కూర పడ్డాయి. "ఉప్పు తగ్గింది కదక్కా" అంది తను. "అవునే" అన్నాను. అంతే మాట్లాడుకున్నది.

మగాళ్ళింకా మాట్లాడుకోలేదు. మొన్న గోంగూర పచ్చడి నూరి మా అమ్మాయి చేత వాళ్ళింటికి పంపాను. గిన్నె ఖాళీగా రాలేదు, అరిసెలతో వచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పగ ఉంటే, చెల్లెళ్ళూ, పిల్లల దాకా పోనీయకండి. వచ్చే కార్తీకానికి కారంపూడి రండి.