వికెట్ల వెనక ఒకే ఒక్క చోటు

కీపర్ ఎవరన్న వాదన అభిమానులకు కాలక్షేపం. బెంచీ మీద కూర్చున్నవాడికి మాత్రం అది బతుకు. ముగ్గురు తెలుగు కీపర్ల కథ చెప్పేది ఇదే.

రాయ్‌పూర్ నుంచి విజయనగరం వెళ్లే రైలు మార్గంలో ఆరంగ్ మహానది అనే స్టేషన్ ఉంది. పట్టాలకు ఒక కొసన ఛత్తీస్‌గఢ్ రాజధాని, మరో కొసన ఉత్తరాంధ్ర. రైల్వే ఉద్యోగాలకని, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలకు ఈ దారి కొట్టినపిండి. ఆరంగ్‌కు వెళ్లే దారికి కాస్త పక్కన, నయా రాయ్‌పూర్‌లో షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్ స్టేడియం ఉంది. కరవు కాలంలో జనానికి ధాన్యం పంచిపెట్టి, 1857 డిసెంబర్‌లో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు పేరు దానికి పెట్టారు.

2025 డిసెంబర్ 3న ఇక్కడ భారత్, దక్షిణాఫ్రికా వన్డే ఆడాయి. విరాట్ కోహ్లీ 102, రుతురాజ్ గైక్వాడ్ 105 పరుగులు చేశారు. భారత్ 358 పరుగులు సాధించినా దక్షిణాఫ్రికా నాలుగు బంతులు మిగిలి ఉండగానే ఆ లక్ష్యాన్ని దాటేసింది. ఆ రోజు కెప్టెన్సీ, వికెట్ కీపింగ్ రెండూ కె.ఎల్. రాహుల్‌వే. జట్టులోని మరో కీపర్ రిషభ్ పంత్ తుది పదకొండుమందిలో లేడు. గైక్వాడ్‌కు వన్డేల్లో అదే తొలి సెంచరీ. అయినా శ్రేయస్ అయ్యర్ గాయం నుంచి కోలుకుని రావడంతో మరుసటి నెలలో న్యూజిలాండ్‌పై వన్డేలకు ఎంపిక చేసిన జట్టులో అతని పేరు కనిపించలేదు. సెంచరీ కొట్టినవాడికే చోటు దక్కనప్పుడు వాదించుకోవడానికి అభిమానులకు సరుకు కరువా?

అమెరికా ఫుట్‌బాల్‌లో ఇలాంటి వాదన క్వార్టర్‌బ్యాక్ చుట్టూ తిరుగుతుంది. దాడికి దిగిన ప్రతిసారీ బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఆ స్థానంలో ఆడేది ఒక్కడే. రెండోవాడు ఎంత మొనగాడైనా గీత బయట నిలబడాల్సిందే. క్రికెట్‌లో దీనికి దగ్గరగా వచ్చేది వికెట్ కీపర్ స్థానం. ఓపెనర్‌ను మూడో నంబరులో ఆడించవచ్చు, ముగ్గురు స్పిన్నర్లను కలిపి దించవచ్చు. గ్లవ్స్ మాత్రం ఒక్క జతే. టెస్టు మ్యాచ్‌లో రోజంతా ఫీల్డింగ్ చేస్తే తొంభై ఓవర్లు, అంటే కీపర్ 540 సార్లు వంగి లేవాలి. ఇన్నిసార్లు ఆటలో భాగమయ్యేవాడు జట్టులో మరొకడు లేడు. అందుకే ఆ చోటు కోసం ఇంత గొడవ.

ఈ గొడవలో తెలుగువాళ్లకు పాత అనుభవమే ఉంది. 1971లో అజిత్ వాడేకర్ నాయకత్వంలో భారత జట్టు వెస్టిండీస్ వెళ్లింది. అప్పటి ప్రసిద్ధ కీపర్ ఫరూఖ్ ఇంజనీర్ ఇంగ్లండ్‌లో లాంకషైర్ కౌంటీకి ఆడుతూ దేశవాళీ పోటీలకు దూరంగా ఉన్నందువల్ల ఆయనను పరిగణనలోకి తీసుకోలేదు. గ్లవ్స్ హైదరాబాద్‌కు చెందిన పి. కృష్ణమూర్తి చేతికి వచ్చాయి. సునీల్ గవాస్కర్ 774 పరుగులు చేసిన సిరీస్ అది. వెస్టిండీస్‌పై భారత్‌కు తొలి టెస్టు విజయం, తొలి సిరీస్ విజయం రెండూ దక్కింది అప్పుడే. ఆ ఐదు టెస్టుల్లోనూ వికెట్ల వెనక ఉన్నది కృష్ణమూర్తే. ఆయన బ్యాటు నుంచి మొత్తం వచ్చినవి 33 పరుగులు. కొద్ది నెలలకే జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. కృష్ణమూర్తి కూడా వెళ్లారు, కానీ ఇంజనీర్ తిరిగొచ్చారు. ఓవల్‌లో చరిత్రాత్మక విజయం సాధించిన టెస్టులో ఇంజనీర్ 59, 28 నాటౌట్ చేశారు. అంతే, చర్చ ముగిసింది. కృష్ణమూర్తి మళ్లీ టెస్టు ఆడలేదు.

తర్వాతి వంతు గుంటూరు నుంచి వచ్చిన ఎం.ఎస్.కె. ప్రసాద్‌ది. 1999 అక్టోబర్‌లో మొహాలీలో న్యూజిలాండ్‌పై ఆయన తొలి టెస్టు ఆడారు. ఆ వెంటనే ఆస్ట్రేలియా పర్యటన. మూడు టెస్టుల్లోనూ భారత్ ఓడింది. మొత్తం ఆరు టెస్టుల్లో ప్రసాద్ చేసినవి 106 పరుగులు. ఆయనకూ మరో అవకాశం రాలేదు.

మూడోవాడు విశాఖపట్నం కుర్రాడు కోన శ్రీకర్ భరత్. 2015లో ఒంగోలులో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. అంటే బ్యాటింగ్ రానివాడని అనడానికి వీల్లేదు. 2021 నవంబర్‌లో కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు జరుగుతుండగా వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది. సబ్‌స్టిట్యూట్‌గా భరత్ దిగాడు. సబ్‌స్టిట్యూట్ కీపింగ్ చేయడానికి క్రికెట్ చట్టాలు అనుమతించింది 2017లోనే. స్పిన్ తిరుగుతున్న ఆ పిచ్‌పై విల్ యంగ్, రాస్ టేలర్‌ల క్యాచ్‌లు పట్టాడు. 95 పరుగుల మీద ఉన్న టామ్ లాథమ్‌ను స్టంపౌట్ చేశాడు. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. కానీ తుది జట్టులో లేనివాడు పట్టిన క్యాచ్‌లు అతని టెస్టు లెక్కల్లో చేరవు. కెరీర్‌లో మెచ్చుకోదగ్గ పని ఒకటి చేశాడు, అది మాత్రం ఖాతాలో జమ పడలేదు.

2022 డిసెంబర్ 30న పంత్ కారు ప్రమాదానికి గురవడంతో ఆ చోటు ఖాళీ అయింది. దేశమంతటా అభిమానులు రెండుగా చీలారు. ఒక వర్గం ఇషాన్ కిషన్ పక్షం. ఆ నెలలోనే అతను బంగ్లాదేశ్‌పై వన్డేలో 210 పరుగులు చేసి ఉన్నాడు. ‘పంత్ లాగే ఎడమచేతి వాటం, పంత్ లాగే దూకుడు, ఇంకేం కావాలి?’ అన్నది వారి వాదన. రెండో వర్గం భరత్ వైపు నిలిచింది. బంతి మొదటి రోజు నుంచే తిరిగే పిచ్‌లపై అశ్విన్, జడేజాల బౌలింగ్‌ను కాచుకోవడం ఆషామాషీ కాదు, అసలు కీపర్ కావాలన్నది వీరి మాట. తెలుగు అభిమానుల వాదనలో మనవాడన్న మమకారమూ కలిసింది. 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో టోపీ భరత్‌కు దక్కింది.

ఆస్ట్రేలియాపై నాలుగు టెస్టులు, ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాక వెస్టిండీస్‌లో కిషన్ వచ్చాడు. ఇంగ్లండ్ ఇక్కడికి వచ్చినప్పుడు, 2024 జనవరిలో, మళ్లీ భరత్ వచ్చాడు. హైదరాబాద్‌లో 41, 28 పరుగులు. విశాఖలో సొంత జనం ముందు 17, 6. ఆ టెస్టులో భారత్ 106 పరుగుల తేడాతో గెలిచింది. తర్వాత జట్టు రాజ్‌కోట్ చేరేసరికి గ్లవ్స్ ధ్రువ్ జురెల్ చేతిలో ఉన్నాయి. రాంచీలో జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు జురెల్ 90, 39 నాటౌట్ చేసి గెలిపించాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. భరత్ ఖాతాలో మిగిలినవి ఏడు టెస్టులు, 221 పరుగులు, అత్యధిక స్కోరు 44.

ఐదు, ఆరు, ఏడు. యాభై ఏళ్లలో ముగ్గురు తెలుగు కీపర్లకు దక్కిన టెస్టులివి. తరానికొకటి చొప్పున పెరిగిందని సరిపెట్టుకోవాలేమో! దీన్ని వివక్ష అని కొట్టిపారేయడం తేలిక. కానీ మూడుసార్లూ వారి స్థానంలో వచ్చినవారిని చూస్తే ఆ మాట నిలబడదు. ఇంజనీర్ ఓవల్‌లో, జురెల్ రాంచీలో జట్టును గట్టెక్కించినవారే. అసలు తిరకాసు మరోచోట ఉంది. అభిమానులు ‘ఎవరు బాగా కీపింగ్ చేస్తారు?’ అని చర్చ మొదలుపెడతారు. అది నడుస్తుండగానే ‘ఎవరు బాగా బ్యాటింగ్ చేస్తారు?’ అన్న ప్రశ్నగా మారిపోతుంది. మారినట్టు ఎవరికీ తెలియదు.

దానికి కారణం లేకపోలేదు. పరుగులకు లెక్క ఉంటుంది, కీపింగ్‌కు ఉండదు. లెగ్ స్టంప్ బయట కాళ్ల వెనక నుంచి దూసుకొచ్చిన బంతిని కీపర్ శుభ్రంగా అందుకుంటే స్కోరుకార్డులో ఏ గడీలోనూ పడదు. వదిలేస్తే నాలుగు బైలు. పట్టాల్సిన క్యాచ్ పడితే బౌలర్‌కు చప్పట్లు, జారిస్తే కీపర్‌కు శాపనార్థాలు. కీపర్ మంచి రోజంటే అతన్ని ఎవరూ పట్టించుకోని రోజని అర్థం. పట్టించుకోనిదాన్ని వాదనలో సాక్ష్యంగా ఎలా చూపిస్తారు? అందుకే వాదన చివరకు సగటు దగ్గరకు చేరుతుంది. అక్కడ బ్యాట్స్‌మనే గెలుస్తాడు.

కొలమానం ఇలా మారడంలో విశాఖ పాత్ర కూడా తక్కువేం కాదు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌పై మహేంద్ర సింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు బాదింది అక్కడే. అది అతని ఐదో వన్డే. ఆ రోజుతో కీపరంటే మ్యాచ్ గెలిపించే బ్యాట్స్‌మన్ అన్న అభిప్రాయం అభిమానుల మనసులో పాతుకుపోయింది. ఆ ఊరి కుర్రాడే రెండు దశాబ్దాల తర్వాత ఆ కొలమానానికి తలవంచాల్సి వచ్చింది. మధ్యలో ఒక్కసారి గాలి ఎదురు తిరిగింది. 2019 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాతో విశాఖ టెస్టుకు పంత్‌ను పక్కనపెట్టి, కీపింగ్ నైపుణ్యానికే ఓటేస్తూ కోహ్లీ సాహాను తీసుకున్నాడు. అప్పుడు సెలెక్షన్ కమిటీ చైర్మన్ ఎవరో కాదు, ఎం.ఎస్.కె. ప్రసాదే. ఒకప్పుడు పరుగులు చాలక చోటు పోగొట్టుకున్న కీపర్ ఇద్దరు కీపర్ల తూకం చూసే కుర్చీలో కూర్చున్నారు. ఆ సమతూకమూ ఎంతోకాలం నిలవలేదు. 2020 డిసెంబర్‌లో అడిలైడ్‌లో జట్టు 36కే కుప్పకూలిన తర్వాత పంత్ వచ్చాడు. సిడ్నీలో 97, బ్రిస్బేన్‌లో 89 నాటౌట్ చేశాడు. సాహా వాదన అక్కడితో మూగబోయింది.

మరి ఓపిక పడితే ఏమవుతుంది? ఆస్ట్రేలియా వికెట్ కీపర్ ఇయాన్ హీలీని 1988లో తీసుకునేనాటికి అతను ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆరే. తొలి టెస్టు సెంచరీ 1993 దాకా రాలేదు. అయినా సెలెక్టర్లు వదల్లేదు. చివరకు 119 టెస్టులు, 395 మందిని ఔట్ చేసిన రికార్డు. 1999లో సొంత మైదానం బ్రిస్బేన్‌లో వీడ్కోలు టెస్టు ఇవ్వకుండా ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ను దించినప్పుడు అక్కడి జనం గుర్రుమన్నారు. ఆ గిల్‌క్రిస్టే ఆ తర్వాత కీపర్ బ్యాటింగ్‌కు అర్థం మార్చేశాడు. జనం ఆగ్రహంలోనూ న్యాయముంది, సెలెక్టర్ల నిర్ణయంలోనూ న్యాయముంది. ఇలాంటి వాదనల్లో తరచూ జరిగేదిదే.

అమెరికాలోనూ అంతే. 2001 మార్చిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు డ్రూ బ్లెడ్సోతో పదేళ్లకు పది కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకుంది. సెప్టెంబర్‌లో అతను తీవ్రంగా గాయపడ్డాడు. అంతకు ముందు ఏడాది ఆటగాళ్ల ఎంపికలో 199వ స్థానంలో మిగిలిన టామ్ బ్రాడీ బరిలోకి దిగాడు. బ్లెడ్సో కోలుకున్నాక ఎవర్ని ఆడించాలన్న దానిపై అభిమానులు చీలిపోయారు. కోచ్ బిల్ బెలిచెక్ బ్రాడీని మార్చలేదు. ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లో బ్రాడీ గాయపడితే బ్లెడ్సో వచ్చి గెలిపించాడు. ఫైనల్లో మళ్లీ బ్రాడీయే. అతను గెలిచాడు, చరిత్రకెక్కాడు. తన గాయం తెరిచిన తలుపులోంచి మరొకడు వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడినవాడు బ్లెడ్సో. పంత్ ప్రమాదం భరత్‌కూ ఓ తలుపు తెరిచింది. అది ఏడు టెస్టుల వెడల్పే తెరుచుకుంది.

ఆరంగ్‌లో మోరధ్వజ మహారాజు కథ ప్రసిద్ధం. దేవుడు పరీక్ష పెడితే రాజూ రాణీ కన్నకొడుకునే రంపంతో కోశారని, హిందీలో రంపాన్ని ఆరా అంటారు కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. కథలో దేవుడు మెచ్చి కొడుకును తిరిగి బతికిస్తాడు. అభిమాని చేతిలోనూ ఒక రంపం ఉంటుంది. రోజుకొకణ్ణి కోస్తూనే ఉంటాడు. అయితే బతికించే పని అతని చేతిలో లేదు.

అలాగని వాదించడం మానేయాలా? అక్కర్లేదు. జట్టు ఎంపికలో సామాన్యుడికి దక్కే వాటా ఆ వాదన ఒక్కటే. అది లేకపోతే ఆటలో సగం రుచి పోతుంది. కాకపోతే తాము ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో వాదించేవారికి తెలిసి ఉండాలి. కీపర్ కావాలంటున్నారా, ఏడో నంబరులో మరో బ్యాట్స్‌మన్ కావాలంటున్నారా? రెండోదే కావాలనుకుంటే తప్పేమీ లేదు, ఆ మాటే చెప్పాలి. అప్పుడు ఓడినవాడు కీపింగ్ రాక ఓడలేదని కనీసం ఒప్పుకున్నట్టవుతుంది. 1971లో వెస్టిండీస్‌పై గెలిచిన కథను ఇప్పటికీ గవాస్కర్ పరుగులతోనే చెప్పుకుంటారు. ఆ ఐదు టెస్టుల్లోనూ స్టంప్స్ వెనక వంగి లేచిన హైదరాబాదీ పేరు కూడా అందులో కలిపి చెప్పడానికి ఏ సెలెక్టర్ అనుమతీ అక్కర్లేదు.