తాత అట్లాస్, నా థిన్నర్

పోయిన దసరాకు సిరిసిల్ల ఇంటికి పోయినప్పుడు నేను చేసిన ఒక ఘనకార్యం గురించి రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా పర్వాలేదు. కానీ ఆ తర్వాత మీ సైకిల్ కడిగే ముందు ఒక్క నిమిషం ఆగండి.

మా ఇంట్లో తాత అట్లాస్ సైకిల్ ఉంది. నల్లది, పెద్ద ఫ్రేముది. తాత సాంచాల మీద పని చేసేవాడు. రాత్రి డ్యూటీ దిగి దాని మీదే ఇంటికి వచ్చేవాడు. అప్పట్లో షెడ్డు ముందు నిలబెట్టిన సైకిళ్లన్నీ నల్లగా ఒక్క తీరుగనే ఉండేవట. అందుకే తనది గుర్తు పట్టడానికి చైన్ కవర్ మీద పెయింటర్‌తో పసుపు రంగులో పేరు రాయించుకున్నాడు. పేరు కింద 1986 అని ఉంటుంది. తాతకు చదువు రాదు. ఎక్కడైనా ఆయన చదవగలిగినవి ఆ నాలుగు అక్షరాలే. తాత పోయినంక బాపు పాలకూ కూరగాయలకూ ఆ సైకిల్నే తీస్తున్నాడు.

దసరాకు మా దిక్కు పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తారు. సాంచాలు తుడుస్తారు, బండ్లు కడుగుతారు. "ఈసారి సైకిల్ నేను కడుగుత బాపూ" అన్నాను. మెకానికల్ సెకండియర్ కదా, నాకు తెలియంది ఏముంటుంది!

మొదట రిమ్ముల మీద తుప్పు కనిపించింది. బాత్రూం కడిగే యాసిడ్ పోసి బ్రష్‌తో రుద్దాను. అయిదు నిమిషాల్లో తుప్పు మాయం. తర్వాత చైన్. బాపు బైకులోంచి సీసాడు పెట్రోలు తీసి కడిగాను. చివరికి ఫ్రేము మీద, చైన్ కవర్ మీద ఏళ్ల కింది జిడ్డు మిగిలింది. అటక మీద తలుపులకు రంగు వేసినప్పుడు మిగిలిన థిన్నర్ డబ్బా దొరికింది. గుడ్డ తడిపి ఒక్కసారి గట్టిగా తుడిచాను. గుడ్డ పసుపుపచ్చగా అయింది. అది జిడ్డే అనుకున్నాను. ఇంకోసారి తుడిచినంక చూస్తే చైన్ కవర్ మీద పేరు లేదు.

బాపు వచ్చి చూసిండు. "ఏం పూసినవ్ రా?" అన్నడు. "థిన్నర్" అన్నాను. కొద్దిసేపు కవర్ మీద వేలితో రాసి చూసిండు. "సరే తీయ్. పూజకు టైం అయితాంది" అని లోపలికి పోయిండు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారి లేచి చూస్తే ఇంకో కథ. నిన్న మెరిసిన రిమ్ములు నారింజ రంగుకు తిరిగాయి. యాసిడ్ తగలని చువ్వలకు కూడా తుప్పు పట్టింది. తొక్కితే చైన్ కిర్రుకిర్రుమంటోంది. ఇక చేసేది లేక బజార్లో సైకిల్ రిపేర్ షాపు కాక దగ్గరికి తోసుకుపోయాను. ఆయన మొత్తం విని ఒక్క మాట అన్నడు: "సదువుకుంటానవ్ గదా బిడ్డా, డబ్బా మీద ఏం రాసుందో సదువలేదా?"

డబ్బా దాకా ఎందుకు, ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకున్నా సరిపోయేది. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పును కరిగిస్తుంది, దాని కింద ఉన్న పల్చటి క్రోమ్ పూతనూ, ఇనుమునూ కూడా కరిగిస్తుంది. పూత పోయిన ఇనుముకు గాలి, తేమ తగిలితే రాత్రికి రాత్రే తుప్పు. ఆవిరి తగిలిన చువ్వలకూ అంతే. పెట్రోలుకు చైన్ లింకుల లోపలి నూనె అంతా పోయింది. పైగా పెట్రోలు దాదాపు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా మండే ఆవిరిని వదులుతుంది. అంటే మన వాకిట్లో, పక్కనే దీపం పెట్టుకుని, నేను చేసింది ఎంత తెలివైన పనో మీరే లెక్కేసుకోండి. ఇక థిన్నర్ పుట్టిందే రంగును కరిగించడానికి. ఫ్యాక్టరీలో కొలిమి వేడికి గట్టిపడిన నల్ల పెయింటు దానికి తట్టుకుంది. పెయింటర్ కుంచెతో రాసి ఎండకు ఆరబెట్టిన పేరు తట్టుకోలేదు.

కాక చేసిన పద్ధతి మాత్రం చాలా సింపుల్. ముందు చైన్. నోట్లో బీడీ ఆర్పినంకనే గ్యాస్‌నూనె డబ్బా మూత తీసిండు. కిరోసిన్‌ను మా దిక్కు అట్లనే అంటాం. పాత టూత్ బ్రష్‌కు కొంచెమే అద్ది, హబ్బుల్లోకి, పెడల్ బేరింగుల్లోకి కారకుండా చైన్ ఒక్కదాన్నే రుద్దిండు. లోపలి గ్రీజు కరిగితే బేరింగులు అరుగుతాయట. వేస్ట్ నూలుతో తుడిచి, ఆరినంక లింకుకో చుక్క మిషన్ నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేసిండు. పైన నూనె ఉంటే దుమ్ము అంటుతది అన్నడు. ఫ్రేముకు మగ్గు నీళ్లల్లో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, మెత్తటి గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. అంతే. రిమ్ముల మీద కొత్త తుప్పుకు కూర పార్సిల్ వచ్చే వెండి రంగు కాగితం నలిపి, నీళ్లల్లో ముంచి రుద్దిండు. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, అందుకని గీతలు పడవు. ఊడిన పూత మాత్రం తిరిగి రాలేదు.

నాచుపల్లిలో మన కాలేజీకి తిరిగొచ్చాక హాస్టల్లో ఒక ఫ్రెండ్ తన గేర్ సైకిల్ కడుగుదామని డ్రెయిన్ క్లీనర్ పౌడర్ తెచ్చాడు. అందులో ఉండేది కాస్టిక్ సోడా. వాడిది అల్లాయ్ ఫ్రేము. అల్యూమినియం ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతుందని ఎంసెట్‌కు ఇద్దరం బట్టీ పట్టినవాళ్లమే. పేపర్లో అడిగితే హైడ్రోజన్ వస్తుందని ఈక్వేషన్ కూడా రాస్తాం. నల్లా దగ్గర సైకిల్ ముందు నిలబడితే మాత్రం ఒక్కరికీ గుర్తు రాదు. ఈసారి నేను ఆపాను. తర్వాత వాడు స్ప్రే డబ్బా తీసి డిస్క్ బ్రేకు వైపు తిప్పాడు. అదీ ఆపాను. ప్యాడ్లకు నూనె పడితే పీల్చుకుంటాయి, కొండగట్టు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టదు.

ఆ స్ప్రే డబ్బా గురించి చదివితే ఒక విషయం తెలిసింది. డబ్ల్యూడీ-40 అంటే నీటిని తరిమే 40వ ఫార్ములా. 1953లో అమెరికాలో తయారు చేశారు. మొదట వాడింది ఒక క్షిపణి పైపొరకు తుప్పు పట్టకుండా. ఆ క్షిపణి పేరు కూడా అట్లాసే! దాన్ని రాస్తే తడి పోతుంది, బిగుసుకున్న నట్టు కదులుతుంది. చైన్‌కు ఎక్కువ రోజులు నిలిచే నూనె మాత్రం అది కాదు. ఆ పనికి వేరే నూనె కావాలి.

ఇప్పుడు ఏది వాడాలన్నా నేను మురికి కంటే ముందు దాని కింద ఏముందో చూస్తున్నాను. ఇనుమా, అల్యూమినియమా, క్రోమా, చేత్తో రాసిన రంగా? తెలియకపోతే పెడల్ కింద కనపడని చోట ఒక చుక్క వేసి చూస్తాను.

సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. అది సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం. చైన్ కవర్ ఎక్కడో ఒక చోట దొరకొచ్చు. తాత రాయించిన పేరు దొరకదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పెయింటర్‌తో మళ్లీ రాయిద్దామని బాపును అడిగాను. బాపు మాట్లాడకుండా సైకిల్‌ను పొద్దటి ఎండలోకి తోసి, కొంచెం పక్కకు వంచిండు. "ఇక్కడ నిలబడి చూడు" అన్నడు. ఇన్నేళ్ల ఎండకు కవర్ అంతా వెలిసింది. పసుపు రంగు కప్పిన చోట మాత్రం నలుపు వెలవలేదు. ఆ వాలు వెలుతురులో నాలుగు అక్షరాలు, కింద 1986, సన్నగా కనిపించాయి.

"రంగు వేపియ్యకు. సబ్బు నీళ్లతోని కడుగు, సాలు" అన్నడు బాపు.