మెహమాన్‌కి మొదటి గ్లాసు

సాఖీ అనగానే ఉర్దూ చదివినవాళ్లకి షరాబు, పైమానా, మైఖానా గుర్తొస్తాయి. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ మాత్రం ఆ మాటకి నీళ్లు తాగించేవాడని మానీ చెప్పేవారు. అరబ్బీలో అసలు అర్థం అదే. మక్కాలో హాజీలకి నీళ్లందించే పనిని సిఖాయా అనేవారు. హజ్రత్ అబ్బాస్ (రజి.)కి దక్కిన ఇజ్జత్ అది. షాయర్ల చేతిలో పడ్డాకే సాఖీ మకాం మైఖానాకి మారింది.

పేపరు పనిమీద ఒకసారి హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ సొమెలియేతో మాట్లాడాను. ఏ భోజనానికి ఏ వైన్ కుదురుతుందో ఎంచి పోయడం ఆయన ఉద్యోగం. నాకు నిమ్మకాయ షర్బత్ తెప్పించాడు. షరాబు మనకి హరామ్, అందులో బహస్ లేదు. కానీ ఆయన పనిలోని అదబ్ నచ్చింది. వచ్చినవాళ్ల ముందు తన ఇల్మ్ ప్రదర్శించడు. ఏం తింటున్నారు, ఎంతలో కావాలి అని మెల్లగా కనుక్కుంటాడు. సీసా తెరవగానే వాసన చూస్తాడు. బిరడా వల్ల వైన్ చెడితే తడిసిన అట్ట వాసన వస్తుందట. దాన్ని మెహమాన్ గ్లాసుదాకా రానివ్వడు.

హనుమంతునిపాడులో ఆ పని మా నానీ చేసేది. ఏ బావి నీళ్లలో పప్పు ఉడకదో, ఏ నీళ్లతో చాయ్ బాగుంటుందో ఒక్క గుక్కతో చెప్పేది. ఎండలో వచ్చినవాళ్లని ముందు కూర్చోబెట్టి, చెమట ఆరాక కటోరా చేతికిచ్చేది.

అయితే మా వైపు నీళ్లలో ఉన్న ఐబ్ నాలుకకి దొరికేది కాదు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచీ తెలియదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు బావి వదిలి తియ్యటి బోరుకి మారిన ఇళ్లలోనూ పిల్లల పళ్లు గోధుమరంగు చారలు తేలాయి, పెద్దల నడుములు వంగాయి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లాలో ఈ జబ్బు ఉందని డాక్టర్లు రాశారు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో. జిల్లాకంటే జబ్బు వయసే ఎక్కువ.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఇప్పుడు ఇంటింటికీ 20 లీటర్ల క్యాన్ వచ్చింది.

నా ఫికర్ ఆ క్యాన్ గురించే. కొన్ని ఇళ్లలో చూస్తుంటాను, క్యాన్ నీళ్లు మెహమాన్‌కి, బోరు నీళ్లు పిల్లలకి. నియ్యత్ మంచిదే. తాగించేవాడు అందరి తర్వాత తాగాలని హదీసు నేర్పింది. కానీ ఆ అదబ్ తాగించే పెద్దవాళ్లకి. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్లలోపే. అప్పుడు పడ్డ మచ్చ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోదు. పిల్లల్ని వరుసలో చివర నిలబెట్టే హఖ్ మనకి లేదు.

సొమెలియే ముక్కుతో పట్టేది మనం పరీక్షతో పట్టాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో నీళ్లు పరీక్షిస్తారు. మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లండి. మెహమాన్‌కి పోసిన లోటాలోంచే ఇంట్లో చిన్నపిల్లకీ పొయ్యండి, అన్నం కుండలోకీ అవే పొయ్యండి. మెహమాన్ నవాజీకి ఏ లోటూ రాదు, ఇన్షా అల్లాహ్.