కౌలాలంపూర్‌లో ఘనా చారు

లైట్ సూప్‌లో మొదట మగ్గాల్సింది మేకమాంసం. మా అంతస్తులోనే ఉండే అమ్మాయి ఘనాలోని కుమాసీ నుంచి పైచదువుకు వచ్చింది. ఒక ఆదివారం నన్ను పిలిచి, పొయ్యి పక్కన నిలబెట్టుకుని వండి చూపించింది. అల్లం, వెల్లుల్లి, ఉల్లి నూరి పట్టించిన ముక్కల్ని చుక్క నీళ్ళు పోయకుండా మూతపెట్టి, వాటిలోంచి ఊరిన నీటిలోనే మగ్గనిచ్చింది. వాటిమీద టమాటాలు కోయకుండా అలాగే పేర్చింది. ఒక పెద్ద ఉల్లిగడ్డ, చిన్న తెల్ల వంకాయలు, గుప్పెడు మిరపకాయలు కూడా వేసి మళ్ళీ మూత పెట్టింది. మెత్తబడ్డాక వాటిని మాత్రం పైకి తీసి మిక్సీ పట్టి, వడగట్టి, ఆ రసాన్ని మాంసం మీద పోసింది. వాళ్ళ ఊళ్ళో అయితే అసంకాలో నూరుతారట. లోపలంతా గీతలుండే మట్టిపాత్ర అది. కొయ్య గుండుతో ఆ గీతలకేసి రుద్దితే తొక్కతో సహా నలిగిపోతుంది.

ఆ తర్వాత నీళ్ళు ధారాళంగా పోసి, నురగ అణిగి పైన ఎర్రటి తేట నిలిచేదాకా మరిగించింది. చివర్లో ప్రెకెసె అనే నల్లటి ఎండుకాయ ముక్క వేసింది. నిలువునా నాలుగు రెక్కలుండే ఆ కాయను ఇంటి నుంచి తెచ్చుకుని డబ్బాలో దాచుకుందట. అది పడగానే తీపీ ఘాటూ కలిసిన వాసన వసారా దాకా వచ్చింది.

అది చారే. మాంసం ఉండనీ, చింతపండు లేకపోనీ, నాలుక మీద అది చేసే పని చారు పనే. అక్కడ జలుబు చేసినవాళ్ళకీ బాలింతలకీ ఇదే పోస్తారు. దీనికి జోడు ఫుఫు: ఉడికించిన కర్రపెండలం, అరటికాయ కలిపి రోట్లో సాగేదాకా దంచిన ముద్ద. దాన్ని నమలరు. రాయలసీమలో రాగిసంగటిని పులుసులో అద్ది మింగినట్టే, కుడిచేత్తో కొంచెం తుంచి, సూపులో ముంచి, గొంతులోకి జార్చడమే. మొదటి ముద్దకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడి ‘చిలీ పడి’ మిరపకాయ అంత కారం. వాళ్ళ గుండ్రటి మిరప ఆ వారం దొరక్క దాన్ని వేసింది. టమాటాలు కామెరాన్ హైలాండ్స్ చలికొండల మీద పండినవి.

మిరప, టమాటా, కర్రపెండలం, ఈ మూడూ పుట్టింది ఆఫ్రికాలోనూ కాదు, ఆసియాలోనూ కాదు, అమెరికా ఖండాల్లో. పోర్చుగీసువాళ్ళు 1482లో ఇప్పటి ఘనా తీరాన ఎల్మినా కోట కట్టారు, 1511లో మలక్కాను పట్టుకున్నారు. మిరపను ఇటు మనకీ అటు ఆఫ్రికాకీ చేర్చింది వాళ్ళ ఓడలే. వాళ్ళు చేసిన దోపిడీ గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఇక కర్రపెండలాన్ని ఈ దేశం మరిచిపోలేదు. 1941 చివర్లో జపాన్ సేనలు దిగాక, 1945 దాకా బియ్యం కరువై మలయా జనం ఆ దుంప తినే ప్రాణాలు నిలుపుకున్నారు. తోటల్లోని మనవాళ్ళు కూడా.

ఆ మనవాళ్ళు విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి కూలీలను కుదిర్చి తెచ్చే కంగాణీల వెంట వచ్చినవాళ్ళు. పెరాక్‌లోని బాగాన్ దతో కొబ్బరితోటల్లోనూ, రబ్బరు తోటల్లోనూ పనిచేసి, 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే ఈనాటి మలేషియా తెలుగు సంఘం. తర్వాతి తరాల్లో చాలామంది చేతికి పామాయిల్ గెలలు వచ్చాయి. పామాయిల్ పశ్చిమాఫ్రికా చెట్టు. 1848లో నాలుగు మొక్కలు జావాలోని బోగోర్ తోటకు చేరాయి. 1917లో సెలంగోర్‌లోని తెన్నమారం ఎస్టేటులో తొలిసారి వ్యాపారానికి తోట వేశారు. ఆ చెట్టు ఇక్కడ బాగా పెరిగింది కానీ కాయ సరిగ్గా నిలిచేది కాదు, కూలీలే పూలమీద పుప్పొడి చల్లాల్సివచ్చేది. చివరికి 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగును తెచ్చి తోటల్లో వదిలితే ఆ పని అది అందుకుంది. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగింది కూడా ఆ ఏడాదే. ఇక్కడ లారీల్లో మిల్లుకు పోయే ఆ పండు ఘనాలో వంటింటి పండు. ఉడికించి, దంచి, పిండిన రసంతో ఇంకో సూపు చేస్తారు. వచ్చే నెల అది వండుతానంది ఆ అమ్మాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లిఫ్టులో ఆఫ్రికా పిల్లలు ఎక్కితే సంచి దగ్గరికి లాక్కునేవాళ్ళు మనలోనే ఉన్నారు. అద్దెకిచ్చేముందు ఏ దేశమని అడిగి తలుపేసుకునేవాళ్ళూ ఉన్నారు. నాకది బాధ. మన తాతలు ఈ గడ్డమీద దిగినప్పుడు వాళ్ళనీ ఇలాగే చూశారు. ఘనాకూ మలయాకూ స్వాతంత్ర్యం వచ్చింది ఒకే ఏడాది, 1957లో. మార్చిలో అక్కడ, ఆగస్టులో ఇక్కడ. దొర ఒక్కడే. పక్కింటి పిల్లను భోజనానికి పిలవడానికి మనకు అంతకంటే చుట్టరికం ఏం కావాలి?

మీ ఇంట్లో వండుకుంటే దీనికి పోపు పెట్టకండి. కరివేపాకు, ఇంగువ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంటాయి, అయినా వద్దు. అల్లం ఘాటు, టమాటా పులుపు, ప్రెకెసె వాసన, ఈ మూడింటికీ ఒక వరస ఉంది. పోపు వాసన ముందుకొస్తే అది చెడుతుంది. మాంసం తిననివాళ్ళు పుట్టగొడుగులు వేసుకోవచ్చు. ఫుఫు కుదరకపోతే మెత్తగా వండిన అన్నం మెదిపి ఉండలు చేసుకోండి. ఘనాలో సూపుల్లోకి అలాంటి అన్నపు ముద్దలు చేసుకునే అలవాటు ఎలాగూ ఉంది.